రేవు ఒకరిది, పడవ ఒకరిది

అలాగని పడవ కోరుకున్నాననుకో, అన్నయ్య నన్ను ఆశపోతు అనుకుంటాడు. పడవ కదులుతుంది, కంటికి కనిపిస్తుంది, నలుగురూ ఎక్కుతారు. పోనీ రేవు కోరుకున్నాననుకో, త్యాగం చేసినట్టు నటిస్తున్నాడు అనుకుంటాడు. త్యాగం నటించడం ఆశకన్నా పెద్ద ఆశ. పైగా రేవు నాదైతే, అన్నయ్య తన పడవని కట్టుకోవడానికి రోజూ నన్ను అడగాలి. అలా అడిగించుకోవడానికే రేవు కోరుకున్నానని కూడా అనుకోవచ్చు. నిజంగానే అందుకేనేమో, ఎవరికి తెలుసు? మన మనసు అడుగు మనం చూడబోవడం వరదనీటిలో దిగి సొంత కాళ్లు వెతుక్కోవడంలా ఉంటుంది. ఉన్నాయని తెలుసు, కనిపించవు.

ఇలా ఆలోచిస్తూ రేవు మెట్టు మీద ముప్పై ఆరో రోజు కూడా గడిపేశాను.

నాకిచ్చిన గడువు నలభై రోజులు. ఆలోపు మా అన్నయ్య పంచిన రెండు భాగాల్లో ఒకటి నేను కోరుకోవాలి. కోరుకోకపోతే రెండూ ‘కోరబడని ఆస్తి’ కింద సంస్థానం తీసేసుకుంటుంది. అప్పుడు మాకు పడవా ఉండదు, రేవూ ఉండదు. అన్నయ్య గవర్రాజుకి యాభై రెండేళ్లు. నాకు, అంటే వీరభద్రానికి, నలభై నాలుగు. ఇద్దరికీ జనాన్ని ఏరు దాటించడం తప్ప మరో పని రాదు. నాకు అదనంగా ఆలోచించడం వచ్చు గానీ, దానికి ఎవరూ కబురు పెట్టరు.

ఈ గడువు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే ముందు మా ప్రభువులవారి వివేకం గురించి చెప్పాలి.

ఆయన గద్దెనెక్కిన మొదటి ఏడు, ఇద్దరు తోడికోడళ్లు చనిపోయిన అత్తగారి ఇత్తడి సామాను కోసం జుట్టూ జుట్టూ పట్టుకుని దర్బారుకి వచ్చారు. ధర్మాధికారులు మూడు రోజులు గ్రంథాలు తిరగేశారు. నాలుగో రోజు ప్రభువులవారు భోజనానికి లేస్తూ, “పెద్దమ్మాయిని రెండు కుప్పలు పెట్టమనండి. చిన్నమ్మాయిని ఒకటి తీసుకోమనండి” అన్నారు. పెద్దావిడ చిన్నావిడ కళ్లకి భయపడి గరిటకి గరిట, సొట్టబిందెకి సొట్టచెంబు చూసుకుని కుప్పలు పెట్టింది. చిన్నావిడ ఒకటి తీసుకుంది. ఇద్దరూ ఒకే బండిలో ఇంటికి వెళ్లిపోయారు.

నిజానికి మా ఏటిగట్టు ఊళ్లలో అన్నదమ్ములు తరతరాలుగా చేస్తున్నది ఇదే. పెద్దవాడు పంచుతాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెద్దవాడు వంకరగా పంచితే వంకర భాగం తనకే మిగులుతుంది. కానీ దర్బారు పండితుల్లో ఇంట్లో వంకాయ కోసిన వాడు ఒక్కడూ లేడు. వాళ్లకి ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టనిపించింది. ‘పంచువాడొకడు, కోరువాడొకడు’ అని శాసనం చేశారు. శాసనానికి ఒక శాఖ పెట్టారు. దాని పేరు సమవిభజన శాఖ. శాఖ పుట్టాక దానికి రోజూ తగాదాలు కావాలి కదా, వాటిని వెతకడానికి ఇన్‌స్పెక్టర్లని వేశారు.

శాఖ అద్భుతాలు చేసింది. ఆస్పత్రిలో ఇద్దరు రోగులకి ఒకే మంచం ఉంటే, ముందొచ్చినవాడు దాన్ని తలవైపు, కాళ్లవైపు అని పంచాడు. రెండోవాడు తలవైపు కోరుకున్నాడు. ఇద్దరూ కూర్చునే కోలుకున్నారు. ‘కూర్చుండి కోలుకొనుట వైద్యమునకు మా శాఖ అందించిన కానుక’ అని వార్షిక నివేదికలో రాసుకున్నారు. బడిలో పంతులుగారు పాఠాన్ని ప్రశ్నలు, జవాబులు అని పంచితే పిల్లలు జవాబులు కోరుకున్నారు. అప్పటినుంచి అందరూ ఉత్తీర్ణులే, ఏ ప్రశ్నకో మాత్రం ఎవరికీ తెలియదు. దొంగకీ ఇంటాయనకీ మధ్య ఉన్నది కూడా తగాదాయే కాబట్టి, సామాను చేతిలో ఉన్నవాడు పంచాలి, పోగొట్టుకున్నవాడు కోరుకోవాలి అని తేల్చారు. దొంగలు శాఖకి సన్మానపత్రం చదివారు. ఇంటాయన్ని కదిపితే, “సగమైనా వెనక్కి రావడం నా జన్మలో ఇదే మొదలండి” అన్నాడు. న్యాయం అంటే ఇద్దరూ ఒప్పుకోవడమే అయితే, అంతకన్నా న్యాయం ఇంకెక్కడా జరగలేదు.

ఇంత న్యాయం మా రేవుదాకా రాదని ఎందుకనుకున్నానో తెలియదు.

మా రేవు నుంచి అవతలి లంకకి పాయ పెద్ద వెడల్పేం కాదు. గట్టిగా అరిస్తే మాట వినిపిస్తుంది, కానీ నడిచి వెళ్లలేరు. లంకలో నలభై గడపలు. వాళ్ల కూరగాయలు ఇవతలికి రావాలన్నా, ఇవతలి నుంచి మంత్రసాని వెళ్లాలన్నా మా పడవే దిక్కు. అన్నయ్య వెనక తెడ్డు వేస్తాడు, నేను ముందు నిలబడి వెదురు గెడ ఊని తోస్తాను. ఇరవై ఏళ్లుగా మా ఇద్దరికీ ఒకటే గొడవ. పడవ నిండినా అన్నయ్య బయలుదేరడు. గట్టు మీద దుమ్ము లేస్తే చాలు, “ఆగరా, ఎవరో వత్తన్నారు” అంటాడు. నేను, “అది గేదె అన్నయ్యా” అంటాను. ఒక్కోసారి గేదే, ఒక్కోసారి మనిషి. అందుకే గొడవ తెగదు.

ఆ రోజూ అంతే.

“ఎక్కినవాళ్లు మనుషులు కారా? వాళ్లనెంతసేపు కూర్చోబెడతావు?” అన్నాను.

“రాబోయేవోడు మడిసి కాడేంట్రా? మనం ఎల్లిపోయాక వచ్చి ఆడొక్కడే నిలబడాలా?”

“నువ్వు వస్తాడనుకున్నవాడు గడ్డి మేస్తున్నాడు చూడు.”

పడవలో అందరూ నవ్వారు. అన్నయ్యకి కోపం వచ్చింది. “నీతో వేగలేనురా బాబూ! ఇడిపోదాం, పీడా పోద్ది!” అన్నాడు.

పడవ మధ్యలో ఒక పెద్దమనిషి ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు సంచీలోంచి కాగితం తీసి, కలం మూత పీకి, “సదరు వాక్యమును దరఖాస్తుగా స్వీకరించడమైనది” అన్నాడు.

ఆయన పేరు కూర్మనాథం. సమవిభజన శాఖ ఇన్‌స్పెక్టరు. లంకలో తగాదాలు ఏమైనా ఉన్నాయేమో చూడ్డానికి వెళుతున్నాడు. మధ్యదారిలోనే దొరికింది.

“ఏ వాక్యమండి?” అన్నాడు అన్నయ్య.

“‘విడిపోదాం’ అను వాక్యము.”

అన్నయ్య పగలబడి నవ్వాడు. “అయ్యబాబోయ్, అది రోజూ అనేదేనండి! పొద్దున్న చద్దన్నం కాడ కూడా అన్నాను.”

“అటులైన అదనపు దరఖాస్తులు కూడ ఉన్నవన్నమాట.” ఆయన ఇంకో రెండు కాగితాలు తీశాడు.

“వద్దండి, వెనక్కి తీసేసుకుంటాం” అన్నాను నేను.

“నిబంధన లేదు. న్యాయమును ఆరంభించుట ప్రజల చేతిలో ఉన్నది. ఆపుట లేదు. ఉన్నచో అందరూ ఆపుదురు.” ఆయన నా వైపు జాలిగా చూశాడు. “మీలో పెద్ద ఎవరు?”

“ఈడి కన్నా ఎనిమిదేళ్లు పెద్దోణ్ణండి” అన్నాడు అన్నయ్య, ఎప్పుడూ చెప్పే గర్వంతో. ఆ గర్వంతోనే పంచువాడైపోయాడు. నేను కోరువాణ్నయ్యాను.

పడవకి అప్పటికప్పుడే తాడు వేసి, ముడి మీద లక్క ముద్ర కొట్టారు. నేను కోరుకునేదాకా ఎవరూ విప్పకూడదు.

అన్నయ్య పంచడానికి మూడు రోజులు తీసుకున్నాడు. ఇంటి చుట్టూ తిరిగాడు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకసారి ముట్టుకుని చూశాడు. వదిన, “ఏంటండీ, కొనబోయేవోడిలా అలా నొక్కి నొక్కి చూత్తారు?” అని కసిరింది. మూడో రోజు మధ్యాహ్నం రేవులో నిలబడి జాబితా చెప్పాడు. కూర్మనాథం రాసుకున్నాడు.

మొదటి భాగం: పడవ, గెడ, ఇంటి తలుపులు, పొయ్యి, రోలు, తిరగలి కింది రాయి, నూతి మీద గిలక.

రెండో భాగం: రేవు, తెడ్లు, తలుపుల గొళ్లేలు, వంట గిన్నెలు, రోకలి, తిరగలి పై రాయి, నూతి చేద.

రాస్తూ రాస్తూ కూర్మనాథం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “పదకొండు సంవత్సరముల సేవలో ఇంతటి సమత్వమును నేను చూడలేదు! రెండు భాగములలో ఏది ఎక్కువో చెప్పుట అసాధ్యము. గవర్రాజుగారూ, మీరు ఏ పాఠశాలలో చదివితిరి?”

“పడవలోనండి” అన్నాడు అన్నయ్య. తర్వాత నా వైపు తిరిగి, “పంచమన్నారు, పంచాను. ఇక నీ ఇట్టం” అని, గట్టు ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నా కష్టాలు మొదలయ్యాయి.

అన్నయ్య నన్ను పరీక్షిస్తున్నాడని మొదటి వారం అనుకున్నాను. రెండో వారానికి కక్ష తీర్చుకుంటున్నాడని తేల్చాను. నా మనసు తెలిసినవాడు కాబట్టే నేను ఎంచుకోలేని విధంగా పంచాడు. మూడో వారం ఇంకా లోతుకి వెళ్లాను. అసలు అన్నయ్యకి నా మీద ఏ అభిప్రాయమూ లేదేమో, రాళ్లూ రోకళ్లూ లెక్క సరిపెట్టడమే ఆయనకి సుఖమేమో అనుకున్నాను. ప్రతి సిద్ధాంతానికీ బలమైన ఆధారాలు దొరికాయి. ఎదుటి మనిషి గురించి ఎన్ని ఆధారాలు కావాలంటే అన్ని తయారుచేసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. పక్కగదిలో ఉన్న మనిషిని వెళ్లి అడగడం మాత్రం తోచలేదు.

మాటలు ఎలాగూ లేవు. కోరుకునేదాకా పంచువాడూ కోరువాడూ మాట్లాడుకోకూడదని నిబంధన, ప్రలోభపెడతారట. పొయ్యి ఒక భాగంలో, గిన్నెలు ఇంకో భాగంలో ఉండటంతో వదిన వాటిని ముట్టుకోకూడదన్నారు. ఆవిడ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, పక్కింటి కుండ తెచ్చి వండింది. “ఇటుకలు మీ జాబితాలో లేవు, నా అదృట్టం” అంది. అందరం ఒకే చూరు కింద, ఒకే కుండలో అన్నం, గోడకేసి చూసుకుంటూ తిన్నాం.

“ఓ మూగోడికి వడ్డిస్తే మంచినీళ్లని సైగన్నా చేత్తాడు” అంది వదిన ఒకరోజు, ఎవరి ముఖమూ చూడకుండా. “నాకు ఇద్దరు దొరికారు, ఆ సైగ కూడా రాదు.”

అవతల లంక గట్టు మీద నూకాలమ్మ రోజూ పొద్దున్నే నిలబడేది. ఆవిడ దొండపాదులు పెంచుతుంది. ఇవతలి సంతలో అమ్మితేనే ఆవిడకి గడుస్తుంది. గంప పక్కన పెట్టుకుని, చేతులు నోటి చుట్టూ పెట్టి అరిచేది.

“ఒరేయ్ భద్రం! తేలిందా?”

“లేదు నూకాలమ్మా!”

“పడవంటే పడవను, రేవంటే రేవను! నా దొండకాయలు పండిపోయి కాకులు పొడుత్తన్నాయిరా!”

“ఆలోచిస్తున్నాను!”

“ఆలోచించడానికేవుందిరా అందులో? నీ మొకం!”

ముప్పయ్యో రోజున శాఖ నా గురించి ఆందోళన పడింది. ఇంతవరకూ ఏ కోరువాడూ పదిహేను రోజులు దాటలేదట. కోరిక సహాయాధికారిణి త్రిపురసుందరిగారిని పంపారు. ఆవిడ మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి. రేవులో కుర్చీ వేయించుకుని, నన్ను ఎదురుగా మెట్టు మీద కూర్చోబెట్టి, రెండు అరటిపళ్లు తీసింది.

“ఒకటి కోరుకోండి.”

చూశాను. ఒకటి కాస్త పొడుగు, ఇంకోటి కాస్త లావు. పొడుగుది తీసుకుంటే ఆవిడ ఏమనుకుంటుంది? లావుది తీసుకుంటే?

“మీరేది తింటారండి?” అన్నాను.

“నా ఇష్టంతో మీకు పని లేదు.”

“మీకు మిగిలేది మీకు నచ్చకపోతేనో?”

ఆవిడ రాసుకుంది. “చిన్నప్పుడు మీకేదైనా కావాలంటే ఎలా అడిగేవారు?”

“అడిగేవాణ్ని కాదండి. అన్నయ్యే తన దాంట్లోంచి తీసి పెట్టేవాడు.”

“పెళ్లి?”

“ఒకే వారంలో రెండు సంబంధాలొచ్చాయండి. ఇద్దరూ మంచివాళ్లే. ఆలోచిస్తుండగా ఇద్దరికీ అయిపోయాయి. వాళ్ల పిల్లలు మా పడవలోనే వెళుతుంటారు, మర్యాదస్తులు.”

“కళ్లు మూసుకోండి. ఏం కనిపిస్తోంది?”

“చీకటండి.”

“ఏ వైపు ఎక్కువగా ఉంది?”

నేను నిజాయితీగా వెతికాను. రెండువైపులా సమానంగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ నిట్టూర్చి, ‘వ్యక్తికి ఇచ్ఛ గలదు, అయితే అది ఇతరుల ముఖములలో నివసించుచున్నది’ అని నివేదిక రాసింది. అది చదివి నేను రెండు రోజులు నిద్రపోలేదు, ఎందుకంటే అది నిజం. ఆవిడ ఇచ్చిన మందు మాత్రం, రోజుకి మూడుసార్లు అద్దం ముందు నిలబడి ‘నాకు కావలెను’ అనడం. అద్దం తలుపుకి బిగించి ఉంది, తలుపు మొదటి భాగంలో ఉంది. వాడకూడదు.

నేను కోరుకోలేకపోయేకొద్దీ అన్నయ్య పేరు సంస్థానమంతా మోగింది. కోరువాణ్ని ముప్పై ఐదు రోజులు నిలబెట్టిన పంపకం చరిత్రలోనే లేదట. శాఖ ఆయనకి ‘సమవిభాజక శిరోమణి’ బిరుదు ప్రకటించింది. ఇకముందు అన్ని పంపకాలూ ఈ పద్ధతిలోనే జరగాలని సుగ్రీవాజ్ఞ జారీ అయింది. దాంతో పక్క ఊళ్లో ఒకడికి ఎద్దులు, వాడి తమ్ముడికి కాడి వచ్చాయి. ఇంకో ఊళ్లో వియ్యంకులిద్దరూ మంచాన్ని పట్టెలు, నవారు అని పంచుకుని నేల మీద పడుకున్నారు. ఎక్కడా ఎవరికీ ఎక్కువ రాలేదని శాఖ ఆనందంతో ఉప్పొంగింది. శిరోమణిగారు ఆ బిరుదు కాగితాన్ని మడిచి చూరులో దోపి, ఎండిపోతున్న తెడ్లకి తడిగుడ్డలు చుడుతూ కూర్చున్నాడు.

ఇంతలో ఎగువన వానలు పడ్డాయి. పాయలో నీళ్లు ఎర్రబడ్డాయి. లంకలో నూకాలమ్మ కోడలికి నెలలు నిండాయి. ముప్పై తొమ్మిదో రోజు నూకాలమ్మ గంప తీసుకురాలేదు. ఉత్త చేతులతో నిలబడింది. అరవలేదు కూడా. చాలాసేపు ఇటు చూసి వెళ్లిపోయింది. నాకు తిట్లు తింటే పర్వాలేదు గానీ, ఈ చూపు భరించడం కష్టమైంది. అయినా, ‘లంకవాళ్లకోసం తొందరపడి కోరుకున్నాడు, తన మనసుతో కాదు’ అని అన్నయ్య అనుకుంటాడేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. దాన్ని తరిమేశాను. అది వెనక గుమ్మంలోంచి మళ్లీ వచ్చింది.

నలభయ్యో రోజు పొద్దున్నే గట్టు మీద కారు ఆగింది. ప్రభువులవారు దిగారు. మామూలు పంచె, నడుముకి ఒక చెయ్యి. వెనకాల కూర్మనాథం దస్త్రాలతో పరిగెత్తుకొచ్చాడు.

“ఇదియే ప్రభూ, ఆ మహత్తర విభజన స్థలము! సూర్యాస్తమయము వరకు గడువు కలదు. అటు పిమ్మట పడవయు, రేవును శాఖ ప్రదర్శనశాలకు తరలించబడును.”

“రేవుని ఎలా తరలిస్తావయ్యా?” అన్నారు ప్రభువులవారు.

“మెట్లు ఊడబెరికి, ప్రభూ.”

ఆయన చెప్పులు విడిచి, వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. నేను లేవబోతే భుజం పట్టి ఆపారు.  ఆయన దగ్గర కొబ్బరినూనె వాసన వచ్చింది. ప్రభువులకి వేరే వాసన ఉంటుందని ఎందుకో అనుకునేవాణ్ని.

“ఏం నాయనా, అంత కష్టంగా ఉందా?”

“చిత్తం. రెండిట్లో ఏది కోరుకున్నా ఒకటే అనిపిస్తోందండి. అదే నన్ను చంపేస్తోంది.” ధైర్యం చేసి ఇంకో మాట కూడా అన్నాను. “తమరు ఈ శాసనం రద్దు చేసేస్తే...”

“చేద్దామనే అడిగాను. నాకూ మంత్రిమండలికీ అభిప్రాయభేదం వచ్చిందని రాసుకున్నారు. అది తగాదా అన్నారు. వాళ్లు వయసులో పెద్దవాళ్లు, పంచారు. ఒక భాగం సింహాసనం, రెండో భాగం సంతకం. నన్ను కోరుకోమన్నారు.”

“మరి తమరు?”

“ఆ రోజు నడుంనొప్పిగా ఉంది. కూర్చునేదే కోరుకున్నాను.” ఆయన నవ్వారు. “అప్పట్నుంచీ కూర్చునే ఉన్నాను. అందుకే మనుషులు పంచుకున్నవి చూడ్డానికి ఇలా తిరుగుతుంటాను. నీ జాబితా ఏదీ?”

కూర్మనాథం జాబితా అందించబోయాడు. ప్రభువులవారు తీసుకోలేదు. “అతనికివ్వండి. నాయనా, నువ్వు చదువుకున్నవాడిలా ఉన్నావు. ఇందులో ఒక్క వస్తువు చూపించు, ఏ భాగంలోదైనా సరే. ఒక్క మనిషి, ఇంకొకరి దగ్గరకి వెళ్లకుండా వాడుకోగలిగేది. దొరికితే ఆ భాగం తీసుకో.”

ఇది తేలిక అనుకున్నాను. జాబితా అందుకుని మొదటినుంచి చూశాను. పడవ. రేవు లేకుండా ఎక్కడ కడతాను? గెడ. మా పాయ మధ్యలో లోతు, గెడ అందదు, తెడ్డు కావాలి. తెడ్డుంటే? గట్టు దగ్గర మెరక, గెడ లేకుండా తోయలేం. తలుపు, గొళ్లెం. పొయ్యి, గిన్నె. రోలు. రోకలి లేని రోట్లో ఏం దంచుతాను? తిరగలి కింది రాయి. గిలక. చేద. కిందిదాకా వచ్చి, మళ్లీ పైనుంచి చూశాను. వేలు పెట్టి చూశాను. చిన్న పొరపాటైనా ఉంటుందని, ఎక్కడో ఒక గరిట ఒంటరిగా మిగిలి ఉంటుందని వెతికాను.

లేదు. ఒక్కటీ లేదు. మూడు రోజులు ఇల్లంతా ముట్టుకుని చూసిన మనిషి, ఒక్కటి కూడా వదల్లేదు.

తల ఎత్తాను. అన్నయ్య గట్టు మీద చింతచెట్టు కింద నిలబడ్డాడు, మావైపు వీపు పెట్టి. తడిగుడ్డ చుట్టిన తెడ్లు భుజాన ఉన్నాయి. నేను నిద్రలు మానుకుని తయారుచేసిన సిద్ధాంతాలన్నీ ఆ వీపు మీదకి విసిరి చూశాను. ఒక్కటీ అంటుకోలేదు.

“దొరికిందా?” అన్నారు ప్రభువులవారు.

“లేదండి.”

“అయితే ఏది కోరుకున్నా ఒకటే కదా?”

నలభై రోజులు నన్ను నమిలిన మాట అదే. ఇప్పుడు ఆయన నోట విన్నాక అది కొత్తగా ఉంది. చీకట్లో భయపెట్టిన మనిషి దీపం తెస్తే తెలిసినవాడే అయినట్టుంది.

“పడవ” అన్నాను.

కూర్మనాథం ఉలిక్కిపడి కలం తీశాడు. “కోరినది, పడవ. కారణము?”

“ఏదో ఒకటి రాసుకోండి.”

“‘ఏదో ఒకటి’ అను కారణము పట్టికలో లేదు. ‘ఆశ’, ‘అవసరము’, ‘అలవాటు’ అను మూడే కలవు.”

నేను ఆలోచించబోయాను. ప్రభువులవారు గొంతు సవరించుకుని, “మూడూ రాసెయ్యి” అన్నారు.

కూర్మనాథం లక్క ముద్ర పగలగొట్టి, లేచి నిలబడి చదివాడు. “ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయడమైనది. పడవ కనిష్ఠునిది. రేవు జ్యేష్ఠునిది. ఈ క్షణము మొదలు ఒకరి అనుమతి లేక వేరొకరు సదరు వస్తువులను స్పృశింపరాదు. సోదరులు సంపూర్ణముగా, శాశ్వతముగా విభజింపబడినారు.” ఒక్క క్షణం ఆగి, “శుభము” అన్నాడు.

నేను వెళ్లి నా పడవలో కూర్చున్నాను. వెనక తెడ్డు వేసే చెక్కకి సరిగ్గా మధ్యలో, సొంతదారుడిలా. అన్నయ్య మెట్లు దిగి తన రేవులోకి వచ్చాడు. ఎర్రనీళ్లవంక చూస్తూ అన్నాడు.

“నా రేవులో ఎవరిదండీ ఈ పడవ?”

“నాదేనండి” అన్నాను.

“ఎంతసేపు ఉంచుతారు?”

“రేవుగలవారి దయండి.”

“దయా గియా మా కాడ లేవు. నలభై రోజులు! పంటలో కలుపు తీసినా ఇంతసేపు పట్టదు.” అప్పుడు నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పొగకో మరి. “బుర్రలో ఏవుందిరా నీకు? పడవో రేవో అనడానికి?”

“తెడ్లు అరువిస్తారా?”

“తెడ్లు ఒట్టినే ఇవ్వను. నాకు తప్ప ఎవరికీ లొంగవు అయ్యి.”

“మనిషితో కలిపే అడుగుతున్నాను.”

ప్రభువులవారు గెడ పట్టుకుని మెల్లగా ఎక్కి ముందు కూర్చున్నారు. “నన్ను అవతల దింపండి. దొండకాయలు బాగుంటాయటగా” అన్నారు. వదిన మంత్రసానిని చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో తీసుకొచ్చి ఎక్కించింది. కూర్మనాథం గట్టు మీద నిలబడి నిబంధనల పుస్తకం తిరగేస్తున్నాడు. విడిపోయినవాళ్లు ఒకే పడవ ఎక్కవచ్చో లేదో అందులో ఎక్కడా రాసి ఉన్నట్టు లేదు.

అవతలి గట్టు మీద నూకాలమ్మ కనిపించింది. ఈసారి రెండు చేతులూ ఊపుతోంది.

అన్నయ్య ఒక కాలు పడవ అంచు మీద పెట్టాడు. పడవ ఆయన వైపు ఒరిగింది. రెండో కాలు ఇంకా రేవులోనే ఉంది. చెక్క మీద చోటు లేదు, చోటంతా నేనే ఉన్నాను. ఆయన అడగడు. నాకు తెలుసు, రాత్రిదాకా అలాగే ఒంటికాలి మీద నిలబడతాడు గానీ అడగడు. ఇప్పుడు నేను జరిగితే, పడవ నాదని చూపించుకోవడానికే జరిగానని అనుకుంటాడా? జరగకపోతే...

నేను కొంచెం పక్కకి జరిగాను.